వెడల్పు చేసిన బూట్లు

నా ఎడమ ఊపిరితిత్తి పైభాగం తీసేసి నాలుగేళ్లయింది. ఐదేళ్లపాటు క్యాన్సర్ తిరిగి రాకపోతే ఇక దాని గురించి పెద్దగా బెంగపడనక్కర్లేదని సర్జన్ అన్నాడు. ఆ ఒక్క మాటనే నేను ఇంటికి తెచ్చుకున్నాను. షుగర్, బీపీ, బలహీనపడిన గుండె గురించి కూడా ఆయన అదే గదిలో, అదే గొంతుతో చెప్పాడట. మా ఆవిడకు గుర్తుంది.

ఆ జబ్బులు నాకు పాతవి. పాతవాటి మీద మనిషికి ఒక రకమైన నమ్మకం ఏర్పడుతుంది. ఇన్నేళ్లూ చంపనివి ఇప్పుడెందుకు చంపుతాయని. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటే గంటకోసారి పీట మీంచి లేవాలి. చేతిలో సగం కుట్టిన బూటు ఉంటుంది. మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

నేను బూట్లు తయారుచేస్తాను. ఈ చలికాలం నా బూట్లే బిగుతయ్యాయి. తోలు ముడుచుకుందనుకుని, తడిపి, చెక్క అచ్చుకు ఎక్కించి వెడల్పు చేసుకున్నాను. నెల తిరక్కుండా మళ్లీ బిగుతు. మళ్లీ సాగదీశాను. మూడోసారి ఒక సైజు పెద్దవి కుట్టుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఊపిరితిత్తి తక్కువైనవాడికి అది న్యాయమే అనిపించింది.

“అరవై రెండేళ్లకి పాదాలు పెరుగుతాయా అండీ?” అంది మా ఆవిడ.

“తోలు మంచిది కాదు.”

“తోలు అమ్మినవాణ్ణి తిట్టడం అయిపోతే, ఆ సాక్సు తీయండి.”

తీశాను. ఆమె చీలమండ దగ్గర వేలితో నొక్కింది. గుంట పడింది. అది పూడేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు పట్టింది. నలభై ఏళ్లుగా పరాయివాళ్ల పాదాలు కొలుస్తున్నాను. వాపు కనిపిస్తే ఇలాగే నొక్కి, డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణి. నా దగ్గరికొచ్చేసరికి తోలును అనుమానించాను.

మర్నాడు ఏటా చేయించుకునే పరీక్షకి ఇద్దరం వెళ్లాం. సర్జన్ కొత్త స్కాన్ చూసి, శుభ్రంగా ఉందన్నాడు. నేను లేవబోయాను.

“కూర్చోండి,” అంది మా ఆవిడ. “ఈయన కాళ్లు చూడండి, డాక్టర్ గారూ.”

ఆయన చూశాడు. గుండె విన్నాడు. “నీటి మాత్ర వేసుకుంటున్నారా?”

అబద్ధానికి చోటుంది. కానీ ఐదో ఏడు చూడాలని ఉంది.

“మానేశాను. ఏడాదైంది.”

మా ఆవిడ నా వైపు చూడలేదు.

“క్యాన్సర్‌ని మేం తీసేశాం,” అన్నాడాయన. “అది రాలేదని మీరు బతికేసినట్టు కాదు. ఇవాళే చేరండి.”

వార్డులో నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

“ఏం జబ్బులున్నాయి?”

“క్యాన్సర్ లేదు.”

“లేనివి రాయడానికి ఇక్కడ చోటు లేదండీ. ఉన్నవి చెప్పండి.”

గుండె అన్నాను. షుగర్ అన్నాను. బీపీ అన్నాను. మానేసిన మాత్ర సంగతీ చెప్పాను. గడి నిండిపోయింది. నర్సు కాగితం తిరగేసింది.

“ఇంకా ఉన్నాయా?”

“కిడ్నీ. కొంచెం.”

“కొంచెం అని రాయను,” అంది, రాసుకుంటూ.