ఎక్స్‌రే సారు చూసిన తెలుపు

స్టాఫ్‌రూం ఫ్యాను గాలికి లేస్తున్న కాగితాల మీద మోచెయ్యి ఆనించి, భానుప్రకాశ్ తెర మీది బొమ్మను మళ్లీ పెద్దది చేశాడు. గెలాక్సీల గుంపు మధ్య నిండిన వేడి వాయువు ఎక్స్‌రే కాంతిలో తెల్లగా వెలుగుతోంది. ఆ తెలుపులో ఒక నల్లటి గుంత ఉందని అతని వాదన. లేదేమోనని పరిశోధన పత్రిక పరిశీలకుడి అనుమానం. సాయంత్రంలోగా జవాబు పంపకపోతే వ్యాసం పోయినట్టే.

పుణెలో చదివినన్నాళ్లూ ఆకాశం. గద్వాలకు తిరిగొచ్చాక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కటకాలు, దర్పణాలు. సరుకొకటి, గిరాకీ ఇంకొకటి. మధ్యలో వయసు తరుగు కింద పోయింది. మిగిలింది పలచబడ్డ జుట్టు, ఇస్త్రీ చొక్కా, గీర. ఎక్స్‌రేల మీద డాక్టరేట్ అని తెలిసిన నాటి నుంచి ఊరు అతన్ని ఎక్స్‌రే సారు అంటుంది. విరిగిన చేతుల ఫిలిములు పట్టుకొచ్చేవాళ్లను కసిరి పంపేవాడు గానీ, ఆ పేరును మాత్రం వదులుకోలేదు.

కాలేజీ ఊడ్చే జమ్ములమ్మ ఆయాసపడుతూ వచ్చి, కొంగు కింద నుంచి పెద్ద కవరు తీసింది.

"సారూ, ఎడమ దిక్కు నొస్తుందంటే దవాఖానల కర్నూలు పొమ్మన్నరు. ఆడ పండవెడ్తరంట. పత్తిచేన్ల పని నడుస్తుంది, కోడలు ఆడ్నే ఉంటది, నాతోటి ఎవరొస్తరు? జర జూసి చెప్పు, పోవాల్నా వద్దా."

"నాది ఆ ఎక్స్‌రే కాదమ్మా."

"ఎక్స్‌రే అంటే ఎక్స్‌రేనే గద సారూ."

ఎదుటి బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్న కెమిస్ట్రీ మేడం జయశ్రీ తలెత్తలేదు. "చుక్కలల్ల జూసే సారుకు నీ పక్కటెముకలు కనవడ్తయా జమ్ములమ్మా? మనుషులు ఆయన లెక్కల రారు."

అక్కడ తగిలింది. తెలియదని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట అతని దుకాణంలో దొరకదు. ఫిలిం లాక్కుని కిటికీకేసి ఎత్తాడు. కుడి ఊపిరితిత్తి నల్లగా ఉంది. ఎడమది కింది నుంచి తెల్లగా నిండి ఉంది. పొద్దుటి నుంచి తెలుపును వాయువుగా, నలుపును గుంతగా చూస్తున్న కళ్లు అవి.

"ఎడమ దిక్కు నిండుగనే ఉన్నది. భయం లేదు. చేన్ల పని అయినంక పో."

"సల్లగుండు సారూ."

పరిశీలకుడు ఇంకో మాట కూడా రాశాడు: అచ్చులో స్పష్టంగా కనిపించడానికి బొమ్మలో నలుపు తెలుపులు తారుమారు చేయమని. మధ్యాహ్నం భానుప్రకాశ్ మీట నొక్కాడు. వెలిగే వాయువు నల్లబడింది, గుంత తెల్లబడింది. జమ్ములమ్మ ఫిలిం గుర్తొచ్చింది. తన బొమ్మలో ఎక్స్‌రేలు వచ్చి పడిన చోట తెలుపు. దవాఖాన ఫిలింలో ఎక్స్‌రేలు దాటలేకపోయిన చోట తెలుపు. గాలి ఉన్న ఊపిరితిత్తి నల్లగానే కనిపిస్తుంది. ఆమె ఎడమవైపు నిండింది గాలి కాదు, నీరు.

ముందు పత్రికకు జవాబు పంపాడు. బయటికొచ్చేసరికి ఆమె ఊరు గట్టుకు పోయే బస్సు వెళ్లిపోయింది. ఆమె ఫోను నంబరు జయశ్రీ దగ్గర ఉంటుంది. అడగాలంటే కారణం చెప్పాలి.

తెల్లారి జమ్ములమ్మ నవ్వుమొహంతో వచ్చింది. "ఎక్స్‌రే సారు భయం లేదన్నడని కోడలికి జెప్పిన," అంది.

"అయితే సారుకు మనుషులు గుడ కనవడ్తరన్నట్టు," అంది జయశ్రీ. ఈసారి ఎగతాళి లేదు.

ఆ మాట తియ్యగా ఉంది. దాన్ని వెనక్కి ఇచ్చేయడం అతని వల్ల కాలేదు. రేపు, ఎవరూ లేనప్పుడు చెబుదామనుకున్నాడు. రేపులన్నీ అట్లాగే గడిచాయి.

పత్తి ఏరే నాటికి జమ్ములమ్మ పనికి రావడం మానేసింది. వ్యాసం అచ్చయింది, బారెడు పేర్ల నడుమ అతని పేరూ ఉంది. గద్వాలలో దాన్ని చదివినవాళ్లు లేరు. ఆ రోజుల్లోనే, ఆమె నిద్రలో పోయిందని గట్టు నుంచి కబురొచ్చింది. జయశ్రీ వెళ్లొచ్చింది. అతను క్లాసులున్నాయన్నాడు.

స్టాఫ్‌రూంలో నీళ్ల క్యాను పక్కన ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఒకరు తాగినదాంట్లో సారు తాగడని, ఇంకెవరూ ముట్టకుండా జమ్ములమ్మ దానికి కట్టిన ఎర్రదారం ఇంకా ఊడలేదు. దాని ముడిలో సన్నటి దుమ్ము పేరుకుంటోంది.