చెక్క గోడకి ఆ పక్క

నేను శవపేటికలు చేస్తాను. ఇంట్లో నా గదికీ మా వదిన గదికీ మధ్య ఉన్న గోడ కూడా మిగిలిన పేటిక చెక్కలతో నేను కొట్టిందే. పల్చనిది. దగ్గినా వినబడుతుంది.

వదిన నా భార్యకి అక్క. చెల్లెల్ని పూడ్చిన రోజు వచ్చి, నా వంట చూసి ఉండిపోయింది.

ఈ వారం ఒక కుటుంబం పేటిక చేయించుకోవడానికి వచ్చింది. వదిన వాళ్లకి కాఫీ ఇచ్చింది.

"తాగకండి. రెండో పేటిక కూడా చెయ్యాల్సొస్తుంది" అన్నాను.

ఏడుస్తూ వచ్చినవాళ్లు నవ్వారు. వదిన నవ్వలేదు. ఆదివారం చర్చిలో పూజ అవగానే తమ్ముడింటికి వెళ్లిపోతానంది.

ఆవిడ వెళ్తే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉండమని మాత్రం అడగలేదు.

శనివారం చర్చిలో ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్లాను. వదిన కోపం, వదిన మొండితనం, వదిన తలుపులు వేసే తీరు, ఏదీ దాచకుండా చెప్పాను.

"ఆవిడ పాపాలు ఆవిడ చెప్పుకుంటుంది. నీవి ఏవయ్యా?" అన్నారు ఫాదర్.

"నావి చిన్నవి ఫాదర్."

ఆయన నిట్టూర్చి ప్రాయశ్చిత్తం విధించారు. సాయంత్రం మోకరించి ఆత్మపరిశోధన చెయ్యాలి. ముందు కృతజ్ఞత, తర్వాతే తప్పులు.

"పైకి చెప్పు. మనసులో అయితే నిన్ను నువ్వే క్షమించేసుకుంటావు" అన్నారు.

ఇంటికొచ్చి మోకరించాను.

"ప్రభువా, రంపానికి వందనాలు. జిగురు బాగా పట్టినందుకు వందనాలు."

గోడ అవతల వదిన బట్టలు సర్దుకుంటున్న పెట్టె మూత దభీమని పడింది.

"నా భార్యని తీసుకెళ్లావు. దానికి వందనాలు చెప్పను."

అవతల చప్పుడు ఆగింది.

"ఇక తప్పులు. ఈ వారం ఒక మాట అన్నాను. చిన్న మాట."

"చిన్నదా?" అంది గోడ.

"దేవుడితో మాట్లాడుతున్నా వదినా."

"ఆయనకి అబద్ధాలు చెప్తుంటే వింటూ కూర్చోవాలా మరిదీ? కానియ్."

"పెద్ద మాటే ప్రభువా. పరాయివాళ్ల ముందు పరువు తీశాను. ఆ కాఫీ బావుంటుంది. బావుందని ఏనాడూ అనలేదు. ఆవిడ తలుపులు విరిగిపోయేలా వేస్తుంది. అలా వేసే మనిషి ఒకరు ఇంట్లో ఉన్నందుకు... వందనాలు."

తర్వాత అవతల కూడా మోకాళ్లు నేలకి ఆనిన చప్పుడు.

"ప్రభువా, ఈ మనిషితో మా చెల్లెలు ఎలా వేగిందో కళ్లకి కట్టినట్టు చూపించావు. దాని ఓర్పుకి వందనాలు. ఇక నా తప్పు. నిన్న కూరలో కావాలనే ఉప్పు వెయ్యలేదు."

"తెలుసు" అన్నాను.

"మధ్యలో దూరకు. ప్రభువా, పుచ్చిపోయిన పన్నుతో మూలుగుతూ ఉంటాడు, డాక్టరంటే పారిపోతాడు. సోమవారం చెవి పట్టుకుని లాక్కెళ్తాను. నాకు బలం ఇయ్యి. ఆమెన్."

సోమవారం అంది. ఆదివారం కాదు.

నేను చెంప పట్టుకున్నాను.

"ఆమెన్ అనవేం?"

"పీకితే నొప్పి పుడుతుంది వదినా."

"అను."

అన్నాను.