దొరగారి కిటికీ

మా అత్తగారికి పిల్లులంటే గిట్టదు. ఆ మాట ఆవిడ దొరగారిని ఒళ్లో పడుకోబెట్టుకుని, చెవుల వెనక గోకుతూ చెబుతారు. పైగా నేను నమ్మాలి. దొరగారంటే మా గండుపిల్లి. పగలంతా నా కుట్టుమిషన్ మీద నిద్రపోతారు. సాయంత్రమైతే అత్తగారి కిటికీలోంచి దూకి, వీధిలో కనిపించిన ప్రతి పిల్లి మీదికీ కాలు దువ్వుతారు. ఆ కిటికీ మూస్తే ఆవిడకు ఊపిరాడదు. చలికాలమైనా బార్లా తెరిచి ఉండాల్సిందే.

ఈమధ్య దొరగారు తిండి మానేశారు. చిగుళ్లు పాలిపోయాయి. బుట్టలో పెడుతున్నా కిక్కురుమనలేదు. ఇద్దరం పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

రక్తపరీక్ష చేసిన డాక్టరమ్మ బయటికొచ్చి, "పాజిటివ్ అండీ," అంది.

"అమ్మయ్య!" అత్తగారి మొహం చేటంత అయింది. "మా ఆయనదీ పాజిటివే. గట్టి రక్తం. జలుబు చేసి ఎరగరు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"గ్రూపు కాదు పెద్దమ్మగారూ, జబ్బు. రెండున్నాయి. ఒకటి బ్యాక్టీరియా, ఎర్రకణాలను తినేస్తోంది. మందులతో తగ్గొచ్చు. రెండోది వైరస్. కొట్లాటల్లో కాటు పడి రక్తంలోకి వచ్చింది. అది ఇక పోదు."

"మాకు అంటుకుంటుందా?" అన్నాను.

"మనుషులకు రాదు. వీడు కరిచిన పిల్లికి వస్తుంది. ఇంటిపట్టున ఉంటే చాలాకాలం బతుకుతాడు. బయట తిరిగితే మాత్రం ఏ చిన్న జబ్బు తగిలినా తట్టుకోలేడు."

పిల్లులంటే గిట్టని అత్తగారు ఇంటిదాకా బుట్టను ఒళ్లోంచి దించలేదు.

ఇంటికి రాగానే ఆవిడ కిటికీ రెక్కలు లాగడం మొదలుపెట్టారు. ఎన్నడూ మూసింది లేదేమో, బిగుసుకుపోయాయి. ఇద్దరం కలిసి తోశాం.

"వల కొట్టిద్దాం అత్తయ్యా. గాలైనా వస్తుంది."

"వీడి గోళ్లకు వలొక లెక్కా?"

"మరి మీకు ఊపిరాడొద్దూ?"

"ఆడకపోతే లేచి వరండాలో కూర్చుంటాను. తలుపు తీసుకోవడం నాకొచ్చు. వాడు పోతే తిరిగొస్తాడని నాకెవరు చెప్పొచ్చారు?"

మందులు పనిచేశాయి. కొన్నాళ్లకు ఒక సాయంత్రం దొరగారు లేచి, ఒళ్లు విరుచుకుని, మూసిన కిటికీ దగ్గరికి నడిచారు. రెక్కలను చూశారు. తర్వాత అత్తగారి వైపు తిరిగి, ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"చూడవే, నన్ను తిడుతున్నాడు!" కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆవిడ నవ్వేశారు. "తిట్టు నాయనా, తిట్టు."