అమ్మగారు అడిగిన జంట సైలెన్సర్లు

ఎడ్డెమంటే తెడ్డెమనే మొగుడితో ముప్ఫయ్యొక్క ఏళ్లు కాపురం చేసిన ఆడదానికి ఒక విద్య పట్టుబడి తీరుతుంది. కావలసినదాన్ని వద్దనడం, వద్దనుకున్నదాని కోసం బతిమాలడం. కిటికీ తెరిచి ఉండాలంటే "చలేస్తోంది, మూసేయండి" అనాలి. అక్కగారి ఊరు వెళ్లాలనుంటే "అంత దూరం ఎవరు పోతారండీ" అని మూలగాలి. ఈ విద్యలో ఆమె ఆరితేరింది. ఆ ఆరితేరడమే చివరికి ఆమె కొంప ముంచింది.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది కానీ తూచే బుద్ధి పోలేదు. కూరలో ఉప్పు తూస్తాడు, పెళ్లాం నవ్వు తూస్తాడు, పిసరు ఎక్కువైతే "ఏమిటీ సంబరం?" అని అడుగుతాడు. ఆ ఇంట్లో ఆయన చేతి గారాబం రుచి చూసింది ఒక్క పాత కారే. పడవంత పొడుగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, తయారుచేసిన వాళ్లే మరిచిపోయిన మోడలు. రోజూ నాలుగింటికి అందులో క్లబ్బుకి పోయి పేకాడతాడు. తిరిగొచ్చే వేళకి ఓ పద్ధతంటూ లేదు.

ఆ కారుకి అడుగున ఒకటే పొగగొట్టం. తుప్పు తిని, చిల్లులు పడి నాలుగేళ్లు. కారు మార్కెట్ మలుపు తిరిగితే చాలు, ఇంట్లో గ్లాసులు అదిరేవి. వీధి వీధంతా తిట్టుకునేది. ఆమె మాత్రం ఆ మోత చల్లగా ఉండాలని కోరుకునేది. మలుపు నుంచి గేటుకి మూడు నిమిషాలు పడుతుంది, ఆ మూడు నిమిషాల మీదే ఆమె బతుకుతోంది.

ఎందుకంటే నాలుగు దాటాక పెరటి తలుపులోంచి కూతురు వచ్చేది. రెండేళ్ల కిందట తల్లి మీదికి లేచిన తండ్రి చేతిని పట్టుకుని ఆపింది, అదీ దాని నేరం. "ఇది మళ్లీ ఈ గడప తొక్కితే, దీంతోపాటు నిన్నూ వీధిలోకి గెంటుతా" అన్నాడాయన. అన్నాడంటే చేస్తాడు, అలాంటి వాటిలో మాట తప్పడు మహానుభావుడు. పాపం ఆ పిల్ల తొమ్మిది నెలల పసిదాన్ని చంకనేసుకుని, రెండు బస్సులు మారి, దొంగలా వచ్చేది. మోత వినపడగానే గ్లాసులు కడిగెయ్యడం, పాలసీసా సంచిలో వేసుకోవడం, పెరటి గుమ్మం దాటడం, వెనకే తల్లి గడియ పెట్టడం. ఒక్క రోజూ తప్పు జరగలేదు.

ఒకనాడు ఆయన కాఫీ తాగుతూ అన్నాడు. "గొట్టం మార్పిస్తున్నా. ఈసారి రెండు వేయిస్తా, చెరో పక్కా ఒకటి. నువ్వూ రా, వినిపిస్తారట." కాదనడానికి పక్కన ఎవరో ఒకరు లేకపోతే ఆయనకి ఏదీ ఎంచుకోవడం చాతకాదు మరి.

పొగగొట్టాల మేస్త్రీ షెడ్డులో గోడల నిండా గొట్టాలు, మూలన వాటిని వంచే యంత్రం. మేస్త్రీ యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా వెల్డింగు మచ్చలు, నెమ్మదైన మాట. "ఇంజనుకి రెండు పక్కలా నాలుగేసి సిలిండర్లు సార్. ఇప్పుడు పొగంతా ఒక్క దారిలో తోసుకుంటోంది. విడదీసి చెరో దారీ ఇస్తాను. మధ్యలో అడ్డంగా ఓ చిన్న గొట్టం కలిపితే రెండు వైపులా ఊపిరి సమానంగా ఆడుతుంది. ఇక మీరు చెప్పాల్సింది సైలెన్సర్ ఒక్కటే."

రెండు రకాలున్నాయి. పొట్టిదాంట్లో పొగ తిన్నగా దూసుకుపోతుంది. పెద్దదాంట్లో లోపలంతా గదులు, ఒక్కో గది తిరిగి బయటపడేసరికి చప్పుడు చచ్చిపోతుంది. వేరేవాళ్ల కార్లు రెండుంటే వాటిని స్టార్ట్ చేసి వినిపించాడు. మొదటిది పలికేసరికి రేకుల కప్పు దడదడలాడింది. రెండోదానికి ఇన్‌స్పెక్టరు, "స్టార్టయిందా?" అని అడగాల్సి వచ్చింది.

ఆమె గుండె గంతులేసింది. ఆ మొదటిది అమర్చితే మార్కెట్ అవతల ఉండగానే వినపడుతుంది! మూడు నిమిషాలు కాదు, ఐదు! మనవరాలికి ఇంకో ముద్ద తినిపించొచ్చు. ఆ సంతోషం మొహాన పడకుండా రెండు చెవులూ మూసుకుంది.

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, ఆ రెండోదే వేయించండి. ఈ మోత నావల్ల కాదు. జన్మలో నేనేమైనా అడిగానా మిమ్మల్ని? ఇదొక్కటీ వినండి." కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. నిజానికి వాటిని పెద్దగా వెతుక్కోనక్కర్లేకపోయింది, ఎప్పుడూ అక్కడే ఉంటాయి.

"కారు నీదా నాదా?" అన్నాడాయన. "మేస్త్రీ, పొట్టివే వెయ్యి."

"అమ్మగారు అంతగా అడుగుతున్నారు కదా సార్..."

"అమ్మగారి మాట వింటే నేనీపాటికి గాజులు తొడుక్కుని కూర్చునేవాణ్ణి. ఎల్లుండి మూడింటికొస్తా."

మేస్త్రీ ఆమె మొహం చూశాడు. ఆయన ఆటో పిలవడానికి ముందుకెళ్లగానే గొంతు తగ్గించి, "దిగులు పడకండమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. మంచివాడు పాపం, ఏదో మాట వరసకి అంటున్నాడు అనుకుంది. మంచివాడే. మంచివాడు కాకపోయుంటే ఎంత బావుండేది!

చెప్పిన రోజున ఆయన మూడు కొట్టకముందే బయల్దేరాడు. కారు తీసుకుని అట్నుంచటే క్లబ్బుకి వెళ్లి అందరికీ చూపిస్తాడట. నాలుగింటికి కూతురొచ్చింది. పాప కుర్చీ పట్టుకుని నిలబడడం నేర్చుకుంది, తాతకి తెలియకుండా పుట్టిన పిల్లకి తాత కుర్చీయే దొరికింది పట్టుకోవడానికి. ఐదున్నరకి కూతురు సంచి సర్దుకోబోయింది.

"కూర్చోవే," అంది తల్లి. "ఇప్పుడన్నీ కొత్త గొట్టాలు, ఊరవతల ఉండగానే తెలుస్తుంది. ఎంత నలిగిపోయావో చూడు. నీ గదిలో కాసేపు నడుం వాల్చు, చంటిదాన్ని నేను చూస్తాను."

రెండేళ్ల తర్వాత ఆ పిల్ల తన మంచం మీద పడుకుని, పడుకున్న మరుక్షణమే నిద్రపోయింది. తల్లి గుమ్మంలోంచి చూసి, దుప్పటి కప్పి వచ్చింది.

వీధి తలుపు తెరుచుకుంది. చప్పుడనేదే లేదు. ఆయన! మొహం వెలిగిపోతోంది.

"విన్నావా? వినపడలేదు కదూ!" అన్నాడు. "నీ మాటే నెగ్గింది పో. ఆ మేస్త్రీ పట్టు వదిలితేనా! పెద్దవే బిగించి ఉంచాడు. ఒక్కసారి నడిపి చూడండి సార్, నచ్చకపోతే అరగంటలో మార్చేస్తానన్నాడు. హోదా ఉన్నవాళ్ల కారు అరవదు సార్, అరిచేది కుర్రకుంకల కార్లే అన్నాడు. నిజమే అనిపించింది. ముప్ఫయ్యొక్క ఏళ్లకి మొదటిసారి నువ్వడిగింది..."

అప్పుడు కుర్చీ పట్టుకుని నిలబడ్డ పాప కనిపించింది. కొత్త మనిషిని చూసి బోసినోటితో నవ్వింది. ఆయన పాపని చూశాడు, బల్ల మీద పాలసీసాని చూశాడు, గదిలో నిద్రపోతున్న కూతుర్ని చూశాడు, గడియ తీసి ఉన్న పెరటి తలుపుని చూశాడు. జీవితమంతా దొంగ తూకాలు పట్టుకున్నవాడు, అర్థం కావడానికి ఎంతసేపు!

"అయితే ఇన్నాళ్లూ నా కారే మీకు గంట కొట్టేదన్నమాట," అన్నాడు. "మరి చప్పుడు లేనిది కావాలని ఏడ్చావేం?" ఒక్క క్షణం ఆలోచించాడు. "ఓహో!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వలేక కుర్చీలో కూలబడేదాకా నవ్వాడు. ఆ నవ్వుకే కూతురు ఉలిక్కిపడి లేచింది.

"అమ్మా, నాతో వచ్చెయ్," అంది పాపని లాక్కుని. "గెంటుతానన్నాడుగా, గెంటనీ!"

"ఎందుకు గెంటుతాను?" అన్నాడు తండ్రి నింపాదిగా. "గెంటితే నీ దగ్గరికే వస్తుంది. అది శిక్షా? మీ అమ్మ ఇక్కడే ఉంటుంది. కాదని తీసుకెళ్లావనుకో, మీ వీధికి నేనూ వస్తా, రోజూ. ఎప్పుడొచ్చానో నీకూ తెలియదు, నీ మొగుడికీ తెలియదు. కారు చూశావుగా, ఎంత బుద్ధిమంతురాలో."

కూతురు తల్లివైపు చూసింది. తల్లి పాలసీసా తీసి దాని సంచిలో వేసింది. "వెళ్లవే తల్లీ," అంది. "మళ్లీ రాకు. నా మీద ఒట్టు."

ఆ పిల్ల ఏడుస్తూనే వెళ్లింది, ఈసారి వీధి గుమ్మంలోంచి, నలుగురూ చూస్తుండగా. ఆయన పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"మేస్త్రీ, నీ పని అద్భుతం. మా ఆవిడైతే ఉబ్బితబ్బిబ్బవుతోంది. ఇదిగో, తనే చెబుతుందట." ఫోన్ ఆమె చెవికి ఆనించి, పక్కనే నిలబడ్డాడు.

"అమ్మగారూ, సంతోషమేనా?" అన్నాడు అవతల మేస్త్రీ. ఒకరికి మేలు చేశానన్న ఆనందం గొంతులో దాగడం లేదు. "మీరు కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకు మనసొప్పలేదమ్మా. ఎలాగైనా ఒప్పించాలనుకున్నా."

ఆయన ఆమె మొహంలోకి తూచినట్టు చూస్తున్నాడు.

"సంతోషమే బాబూ," అంది ఆమె. "ఇంట్లోకి వచ్చేదాకా తెలియనే లేదు."