ఏడాది ముందు నడిచే నీడ

తెల్లవారగానే దొడ్డి తలుపు కూతురు తీస్తుంది. కుంటుతున్న గొర్రె ఏదైనా ఉందేమోనని తండ్రి గుమ్మంలో నిలబడి చూస్తాడు. మిగతా పనంతా బుడ్డోడిది. పేరుకే బుడ్డోడు. మందలు తోలే జాతి కుక్క, తొమ్మిది నెలలకే ఆమె తొడల దాకా ఎదిగాడు. మొరగడు, కరవడు, ఉత్త కళ్ళతోనే మందనంతా దారిలో పెట్టేస్తాడు.

ఆ ఇంటి కుక్కల నీడలు ఏడాది ముందు నడుస్తాయి; వచ్చే ఏడాదికి కుక్క ఎలా ఉంటుందో ఇవాళ నీడ అలా ఉంటుంది. బుడ్డోడు చెప్పులో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడే వాడి నీడ దూడంత ఉండేది. మెడపట్టీ కూడా ఆ నీడని కొలిచే కొన్నారు, మళ్ళీ కొత్తది కొనే ఖర్చొక్కటి మిగిలింది వాళ్ళకి.

ఇప్పుడు గుబులంతా ఆపరేషన్ గురించి. బుడ్డోడి అయ్య, అంతకుముందు ఈ మంద తోలిన కుక్క, ఎంత పనిమంతుడైనా, ఎదకొచ్చిన ఆడకుక్క వాసన తగలగానే మందని వదిలేసి రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి లారీ కింద పడ్డాడు. మొన్న రోడ్డు పక్కన బుడ్డోడు కూడా గాలిలోకి ముక్కెత్తాడు. ఆమె గొంతు చించుకున్నా వెనక్కి తిరగలేదు. మెడపట్టీ అందబట్టి సరిపోయింది గానీ, ఆ రోజు నుంచి ఆమెకి తిండి సహించడం లేదు.

"ఈ వారమే బీజాలు తీయించేద్దాం నాన్నా," అంది.

పశువుల డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఎముకలు ఇంకా ముదరలేదమ్మా. ఇప్పుడే చేస్తే కీళ్ళు దెబ్బతినొచ్చు. పధ్నాలుగు నెలలు నిండనివ్వు. ఏదీ, ఎండలో నిలబెట్టు, నీడ చూద్దాం."

"గురువారం చేయించేస్తాను," అని కూతురు అనగానే నీడ వెనక కుడికాలు ఈడ్చింది.

"సరే, పధ్నాలుగు నెలలకే," అంది కంగారుగా.

నీడ పోయింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది, బుడ్డోడు తోకాడిస్తున్నాడు, వాడి కాళ్ళ కింద ఉత్త నేల. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను చెప్పగలిగింది చెప్పాను తల్లీ," అని సంచీ సర్దుకుంది.

మూడు రోజులు ఆమె నెలలతో బేరమాడింది. పది అంటే కుంటు, పన్నెండు అంటే కుంటు, పదమూడు అంటే మాయం. వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చుంటే వెచ్చగా తగులుతున్నాడు, నేల మీద మాత్రం లేడు. నాలుగో రోజు మందతో రోడ్డు దాటుతుంటే లారీ హారను మోగింది. అప్పుడు వెలిగింది ఆమెకి, తప్పు నెలల్లో లేదని, రోడ్డు దాటడంలో ఉందని.

"నాన్నా, రోడ్డు అవతలి మేత మానేద్దాం. పధ్నాలుగు నెలలు నిండి ఆపరేషన్ అయ్యేదాకా అందరం ఇవతలే ఉందాం."

"అలాగేలే," అన్నాడు తండ్రి చెప్పుల మట్టి దులుపుకుంటూ.

ఆమె నేలకేసి చూసింది. నీడ రాలేదు.

"నాన్నా, నిజం చెప్పు. నువ్వు మానవు కదూ?"

తండ్రి దులపడం ఆపాడు. "వాడి అయ్యని అవతలే పాతిపెట్టానమ్మా. సాయంత్రం పోయి కాసేపు కూర్చుంటాను. ఒక్కణ్ణే పోదామనుకున్నా."

"నువ్వు దాటితే వీడు ఆగుతాడా? దొడ్డి దూకి నీ వెనకే వస్తాడు!"

ఇన్నాళ్ళూ అవతల గడ్డి బావుంటుందనే ఆయన అటు పోతున్నాడనుకుంది. కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

తండ్రి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, బుడ్డోడి మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఐదు నెలలు మీ అయ్య దగ్గరికి పోనురా. వాడికి కోపమొస్తే నా మీదే రానీ." కాసేపటికి, కిందికి చూసే ధైర్యం లేక, "వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది నాన్నా. నాలుగు కాళ్ళ మీదా నిలబడింది."

ఆయన హమ్మయ్య అన్నాడు గానీ, ఆ సాయంత్రం కుర్చీని రోడ్డు కనపడకుండా గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.