కింది పెదవి

“ఏంటమ్మా ఇది, చీర తడిసింది!”

కస్టమర్ చేయి వెనక్కి తీసుకుంది. దివ్యశ్రీ తల వంచి చూసింది. పట్టుచీర అంచు మీద తన నోటి చొంగ. కారినట్టు ఆమెకు తెలియనే తెలియదు.

సూపర్‌వైజర్ రవికాంత్ ఒక్క ఉరుకున వచ్చాడు. “గోడౌన్‌లోకి వెళ్లు. రేపట్నుంచి కౌంటర్‌కి రావద్దు” అన్నాడు. కింద పన్ను ఊడిన సందు కనపడుతోంది, నవ్వితే బాగోలేదు, కొత్తది పెట్టించుకోమని మూడు నెలల కిందట ఆమె వెంటపడ్డది ఈ మహానుభావుడే.

షాపున్న అమీర్‌పేట వీధిలోనే డాక్టర్ వంశీకృష్ణ పళ్ల క్లినిక్. దవడ ఎముకలో స్క్రూ బిగించి పన్ను పెట్టాడు. మత్తు దిగకముందే ఆమెను ఫోను ముందు కూర్చోబెట్టి, “అస్సలు నొప్పి లేదు” అనిపించి వీడియో తీశారు. అలా చెప్పినవాళ్లకు ఫీజులో తగ్గింపు. ఆ మత్తు ఇప్పటిదాకా దిగలేదు. పెదవీ గడ్డమూ మొద్దుబారిపోయాయి. తన మీద దయతలచి మంచి మందు వేశారనుకుంది పిచ్చిది. అడిగినప్పుడల్లా “మెల్లగా తగ్గిపోతుందిలెండి” అని పంపించేశారు.

చివరికి పంజాగుట్టలో పెద్దాసుపత్రికి వెళితే, స్క్రూ నరాన్ని నొక్కేసిందని తేలింది. దాన్ని తీసి, నరాన్ని మైక్రోస్కోపు కింద చూస్తూ బాగుచెయ్యాలట. మొదట్లోనే వచ్చి ఉండాల్సిందన్నాడు సర్జన్. ఇప్పుడు చేసినా స్పర్శ ఎంత తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు. ఇంకా ఆలస్యమైతే ఆ ఆశా లేదు.

ఆ సాయంత్రం ఆమె క్లినిక్‌కు వెళ్లింది. వెయిటింగ్ హాల్లో టీవీలో తన ముఖమే నవ్వుతోంది. వంశీకృష్ణ లోపలికి పిలిచి గొంతు తగ్గించాడు.

“ఆపరేషన్ ఖర్చు మేమే పెట్టుకుంటాం దివ్యశ్రీ గారూ. మీరు మాత్రం ఎవరితోనూ ఏమీ అనకండి. వీడియో అలాగే ఉండనివ్వండి.”

ఆమె తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది? గోడౌన్ కూలితో ఆ ఆపరేషన్ అయ్యేది కాదు. బయటికి వస్తుంటే తన మీద తనకే రోత పుట్టింది.

హాల్లో కూర్చున్న ఒక ముసలావిడ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

“గా టీవీల ఉన్నది నువ్వే గద బిడ్డా? నాకు సుత గసొంటి పన్నే పెడ్తరట. జర నిజం చెప్పు, నొప్పి లేదా?”

తలుపు దగ్గర నిలబడి డాక్టరు వింటున్నాడు.

“లేదమ్మా” అంది దివ్యశ్రీ.

డాక్టరు ముఖం తేటపడింది. దివ్యశ్రీ ఆ ముసలి చేతిని తీసుకుని తన కింది పెదవి మీద పెట్టుకుంది.

“గిచ్చు.”

“ఏందమ్మా?”

“గోరు దిగేదాక గిచ్చు. నాకేం తెలుస్తలేదు. మూడు నెలల సంది గిట్లనే ఉన్న. నువ్వు గీ పన్ను పెట్టించుకోకు.”

డాక్టరు గబగబా ముందుకొచ్చాడు.

“దివ్యశ్రీ గారూ, ఒక్కసారి లోపలికి రండి.”

ఆమె కదల్లేదు. గడ్డం మీద ఏదో జారుతోందని ఎదుటివాళ్ల చూపులను బట్టి తెలుసుకుంది. తుడుచుకోలేదు.