నీడ కదిలిపోయిన డాబా

నేను ఒక కుక్క గొలుసును. బారెడు పొడవు, ఒక చివర కడియం, ఇంకో చివర కొక్కెం. నా కథ వినమని అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నన్ను చేసిన షెడ్డులో ఇనుప తీగను కోసి, వంచి, రింగుకు రింగు తగిలించి అతికేవాళ్లు. తర్వాత ఒకాయన కాలితో తొక్కిపట్టి రెండు చేతులా గుంజేవాడు. తెగకపోతే పాసైనట్టు. నంద్యాల బజారులో తాళ్లూ మువ్వలూ అమ్మే కొట్టులో మద్దిలేటి కూడా అలాగే గుంజి చూసి నన్ను కొన్నాడు. గొలుసును ఎంచేటప్పుడు మనుషులు చూసేది అది తెగుతుందా లేదా అని మాత్రమే. ఎప్పుడు తెగితే మంచిదో ఎవరూ ఆలోచించరు. నేను కూడా ఆలోచించలేదు.

మద్దిలేటి బస్సు కండక్టరు. అతని భార్య సుంకులమ్మ ఎండాకాలమంతా వడియాలు పెట్టి నాలుగు వీధులకు పంపుతుంది. వాళ్లింట్లో కర్రి అని ఒక నల్ల ఆడకుక్క ఉంది. కూనగా బస్టాండులో దొరికితే మద్దిలేటి టికెట్ల సంచిలో పెట్టుకుని తెచ్చాడట. సుంకులమ్మ మొదటి వారం సణిగింది. రెండో వారం నుంచి దానికి విడిగా పాలు కాచింది.

నా ఉద్యోగం డాబా మీద. పాత చీరల మీద గుమ్మడి వడియాలు ఎండుతుంటే కోతులు దండయాత్రకు వచ్చేవి. అందుకని పొద్దున్నే వడియాలు పెట్టగానే సుంకులమ్మ కర్రిని పైకి తెచ్చి, నీళ్ల ట్యాంకు దిమ్మె పక్కనున్న కడ్డీకి నాతో కట్టేసేది. ఆ వేళకు అక్కడ చల్లటి నీడ. పక్కనే గిన్నెలో నీళ్లు. కోతి కనబడితే కర్రి లేచి మొరిగేది, నేను గలగలలాడేదాన్ని. కోతులు పారిపోయేది నాకు భయపడేనని అనుకునేదాన్ని, అంత పొగరు నాకు. పది కొట్టగానే ఆమె వచ్చి కర్రిని విప్పి కిందికి తీసుకెళ్లేది.

ఆ రోజు పెళ్లివారికి వడియాలు పంపాల్సి ఉంది. ముందు రోజంతా గుమ్మడికాయలు తరిగి సుంకులమ్మ నడుం విరిగిపోయింది. పది గంటలకు పైకి వచ్చి, "ఇంగొక్క నిమిషం కాపలా ఉండే, నడుం వాల్చుకొని వస్తా" అని కర్రితో చెప్పి దిగిపోయింది. కూలరు ముందు పడుకుంది. అంతే, కళ్లు మూతపడ్డాయి.

పదకొండు దాటేసరికి నీడ దిమ్మెకు అతుక్కుపోయింది. పన్నెండు తర్వాత అటువైపుకు మళ్లింది. కర్రి దాని వెంట వెళ్లబోయింది. దిమ్మె మూల దగ్గర నేను ఒరుసుకుని బిగుసుకున్నాను. ఆ మూలకు అవతల జానెడు దూరంలో నీడ ఉంది. కర్రి గుంజింది, నేను వదల్లేదు. మళ్లీ గుంజింది, అప్పుడూ వదల్లేదు. వెనక్కి తిరగబోతే నేను తగిలి నీళ్ల గిన్నె బోర్లాపడింది.

మొదట అరిచింది. కింద కూలరు హోరులో ఎవరికీ వినబడలేదు. తర్వాత అరవడం మాని నాలుక వేలాడేసి రొప్పింది. కాలే గచ్చు మీద పాదాలు మార్చి మార్చి నిలబడి, చివరికి ఆ గచ్చు మీదే పడుకుంది. నేను కాగిపోయి దాని మెడకు ఆనుకుని ఉన్నాను. ఒక్క రింగు అతుకు ఊడితే చాలునని ఆ మధ్యాహ్నం ఎంతగా కోరుకున్నానో! నా ఒంట్లో ఒక్క అతుకూ ఊడలేదు. కోతులు వచ్చి తీరిగ్గా వడియాలు తినిపోయాయి. కర్రి తల కూడా ఎత్తలేదు.

ఒకటిన్నరకు మద్దిలేటి డ్యూటీ దిగి వచ్చాడు. "కర్రి యాడుందే?" అని అడిగాడు. సుంకులమ్మ ఉలిక్కిపడి లేచి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కింది.

కొక్కెం విప్పబోతే ఆమె వేళ్లు చుర్రుమన్నాయి. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ కాస్తసేపు కూడా నేను కర్రిని పట్టుకునే ఉన్నాను. కొంగు చుట్టుకుని దాని మెడ నుంచీ, కడ్డీ నుంచీ నన్ను విప్పింది. మద్దిలేటి ట్యాంకు కొళాయి తిప్పితే సలసల కాగే నీళ్లు వచ్చాయి. "కుండలో నీళ్లు తేపో!" అని అరిచాడు. తడిచీరలో పడుకోబెట్టి, పొట్ట మీదా పాదాల మీదా నీళ్లు పోస్తూ ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ తొందరలో నేను ఆమె చేతిలోనే ఉండిపోయాను.

"ఎక్కడ కట్టేశారమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"నీడలోనే కట్టేసినా సార్. నీళ్లు గూడా పెట్టినా."

"ఎన్నింటికి?"

"ఏడింటికి."

డాక్టరు కోప్పడలేదు. సెలైన్ ఎక్కిస్తూ మెల్లగా అన్నాడు. "నీడ కదులుతుందమ్మా, గొలుసు కదలదు. దానికి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడం ఒక్కటే దానికి చేతనైంది. రేపటిదాకా నేనేమీ చెప్పలేను."

"నా చేతులారా సంపుకున్నా దీన్ని" అని సుంకులమ్మ తల గోడకేసి కొట్టుకుంది. నువ్వు నిద్రపోయావు తల్లీ, నేను మెలకువగా ఉండి పట్టుకున్నాను అని చెబుదామంటే నాకు నోరు లేదు.

మూడో రోజు కర్రి నీళ్లు తాగింది. వారానికి ఇంటికి వచ్చింది. బతికింది గానీ వెనక కాళ్లు తూలుతున్నాయి. మెడ మీద నేను ఆనుకున్న చోట వెంట్రుకలు ఊడి పచ్చిపుండు పడింది. ఇప్పుడు దాని చోటు కూలరు ఎదురుగా, తడిపిన గోనెపట్టా మీద. డాబా మీద వడియాలకు సుంకులమ్మే గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటోంది.

నిన్న ఉదయం వీధిలో పాత ఇనుము కొనే అతను కేక వేశాడు. సుంకులమ్మ నన్ను మేకు నుంచి తీసి వాకిట్లోకి తెచ్చింది. నా చప్పుడు విని కర్రి లేచింది. నన్ను చూసి పారిపోతుందనుకున్నాను, లేదా పళ్లు చూపి గుర్రుమంటుందనుకున్నాను. అలా చేసి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. అది తూలుకుంటూ వచ్చి, తోక ఊపుతూ ఆమె ముందు నిలబడి, కట్టెయ్యమన్నట్టు మెడ చాచింది.

"వద్దే నా తల్లి, ఇంగ నిన్నెవురూ కట్టరు" అని సుంకులమ్మ ఏడుస్తూ నన్ను అతని బండిలో పడేసింది. బండి కదిలి వీధి మలుపు తిరిగేదాకా చూశాను. కర్రి ఆ పుండు మెడ చాచుకునే నిలబడి ఉంది.